మాస్టారు రాసిన రెండు లైన్లు

ఆ హాస్పిటల్ కంప్యూటర్ సెక్షన్‌లో ఆమెను అందరూ కామా అనే పిలిచేవారు. పని నేర్చుకుంటున్న కొత్తలో బిల్లుల ప్రోగ్రాం ఒకటి ఎంతకీ నడవకుండా మొరాయించింది. సెక్షన్ అంతా చేతులెత్తేశాక, పడవలసిన చోట పడని ఒక్క కామాను పట్టుకుని దాన్ని నడిపించింది ఆవిడే. అప్పటినుంచి ఆ పేరు అతుక్కుపోయింది. సాయంత్రం తీసుకువెళ్ళడానికి భర్త వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, "అమ్మయ్య, ఫుల్‌స్టాప్ వచ్చేశాడు, ఇక ఇవాళ్టికి పని ఆపెయ్యొచ్చు" అని నవ్వుకునేవారు. అతను ప్రింటింగ్ ప్రెస్‌లో మెషీన్ మీద పనిచేసేవాడు. మాట తక్కువ మనిషి. ఆ వేళాకోళానికి అతనూ నవ్వేవాడు.

ఆమె చదివింది కంప్యూటర్ చదువు కాదు. పాత కేసు కాగితాలు చూసి వివరాలు టైపు చేసే పనికి చేరింది. రోజంతా పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబరు. మళ్ళీ పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబరు. ఒక రోజు రెండు కాగితాలు పట్టుకుని లేచి వెళ్ళి సెక్షన్ పెద్దగారి బల్ల ముందు నిలబడింది.

"ఈ ఇద్దరూ ఒక్కరేనండి" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. పేరు రెండు రకాలుగా రాశారు గానీ, ఒకే వీధిలో ఉంటూ, ఒకే రోజున పుట్టి, ఒకే మెట్ల మీంచి పడి ఎడమ కాలే విరగ్గొట్టుకున్నవాళ్ళు ఇద్దరుండరు కదా."

ఆయన పగలబడి నవ్వారు. పక్కనున్న కుర్చీ లాగి, "ఇలా కూర్చో" అన్నారు. ఆ కుర్చీలోనే ఆమె ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది.

ఆయన అంతకుముందు బడిలో లెక్కలు చెప్పేవారు. అందుకే హాస్పిటల్‌కి వచ్చాక కూడా మాస్టారుగానే మిగిలిపోయారు. సన్నగా, కొద్దిగా వంగి నడిచే మనిషి. చొక్కా జేబు మీద ఎప్పుడూ సిరా మరక. హాస్పిటల్ ప్రోగ్రాం మొత్తం ఆయన చేతిమీదుగా పుట్టింది. తప్పులు ఎన్ని చేసినా విసుక్కునేవారు కాదు గానీ, ఒక్క విషయంలో మాత్రం ముక్కుమీద కోపం. డేటాబేస్‌లోంచి ఎవరైనా పేషెంటు వివరాలను నేరుగా లాక్కుని వాడుకుంటే ఊరుకునేవారు కాదు.

"డేటాబేస్‌లో ఉన్నది మనిషి కాదమ్మా, గళ్ళలో పడున్న అక్షరాలు" అని చెప్పేవారు. "వాటిని తెచ్చి ప్రోగ్రాంలో ఒక పేషెంటుగా నిలబెట్టు. దాన్నే ఆబ్జెక్ట్ అంటాం. ఏం కావాలన్నా ఆ పేషెంటునే అడుగు. చెప్పదగ్గదైతే చెప్తాడు, కాకపోతే నోరు మూసుకుంటాడు. అంతేగానీ నువ్వు వెళ్ళి అతని జేబులో చెయ్యి పెట్టకు."

ఆమెకు అది చాదస్తంలా అనిపించేది. అయినా ఆయన చెప్పినట్టే రాసేది.

మాస్టారి ఇల్లు హాస్పిటల్ వెనక రెండో వీధిలో, మేడ మీద వాటా. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన భార్యను ఏమని పిలవాలో తెలియక కామా నీళ్ళు నమిలింది. "టీచరమ్మగారూ" అనబోయింది.

"అయ్యో, నన్నలా పిలవకు. నాకు రెండో ఎక్కం కూడా సరిగ్గా రాదు" అందావిడ. "వదినా అను. ఇంట్లో మనిషిలా ఉంటుంది."

అలా ఆవిడ వదిన అయింది. మాస్టారు మాత్రం మాస్టారుగానే ఉండిపోయారు. ఆయన్ను ఇంకో వరసలో పిలవాలని కామాకు ఎన్నడూ తోచలేదు. వాళ్ళకు పిల్లలు లేరు. ఎందుకు లేరని ఆమె అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

మాస్టారికి కిడ్నీలు పాడయ్యాయని తెలిసేసరికి బాగా ఆలస్యమైంది. కింది అంతస్తులో వరండా చివర డయాలసిస్ హాలు ఉంది. అక్కడ కిటికీ పక్క కుర్చీ ఆయనకు కుదిరింది. వారంలో మూడు రోజులు పొద్దున్నే వచ్చి కూర్చునేవారు. ఒక చేతికి గొట్టాలు ఉంటే రెండో చేత్తో కామా తెచ్చిన ప్రింటు కాగితాలు దిద్దేవారు. హాలు బయట బెంచీ మీద వదిన, ఒళ్ళో ఒక గుడ్డ సంచి. అందులో దుప్పటి, నీళ్ళ సీసా, బిస్కెట్ పొట్లం. కుర్చీలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఎవరో ఒకరు రాకపోతే బాగుండు, మన వంతు వస్తుంది అన్నట్టు కాచుకుని ఉండేవాళ్ళు. ఆ చూపులు వదిన చూసేది. "మనం లేచాక గానీ వాళ్ళకు చోటు లేదు కదే" అనేది, తామేదో ఆక్రమించుకున్నట్టు.

రెండేళ్ళు అలా గడిచాక ఒక వేసవిలో మాస్టారు పోయారు.

అప్పుడు కామా రెండు మూడుసార్లు ఆ ఇంటికి వెళ్ళింది. వదిన ఏడవలేదు. టీ పెట్టి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో కామాకు ఊపిరాడలేదు. తర్వాత ఈ ఆదివారం వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటూనే ఏడాది దాటిపోయింది. చివరికి ఆ వీధిలోంచి రావడం కూడా మానేసి చుట్టుతిరుగుడు దారిన హాస్పిటల్‌కి వచ్చేది. భర్త ఒకసారి అడిగాడు, "అటు దగ్గర కదా?" అని. "అటు గోతులు తవ్వారు" అని అబద్ధమాడింది.

ఈలోగా హాస్పిటల్ పెరిగింది. రెండు కొత్త భవనాలు లేచాయి. మర్నాడు రావలసిన పేషెంట్లకు ముందురోజు పొద్దున్నే "రేపు ఫలానా వేళకు రండి" అని ఫోన్‌కి మెసేజ్ వెళ్ళాలి. మాస్టారు ఉన్న రోజుల్లో అది టీ తాగేలోపు అయిపోయేది. ఇప్పుడు మధ్యాహ్నమైనా అవడం లేదు. కొందరికి సాయంత్రం, కొందరికి మర్నాడు వేళ దాటిపోయాక చేరుతోంది. ఒక ముసలావిడ మెసేజ్ రాలేదు కదా అని డయాలసిస్‌కి రాకుండా ఇంట్లోనే ఉండిపోయి, ప్రాణం మీదికి తెచ్చుకుంది. హాస్పిటల్ వ్యవహారాలు చూసే పెద్దసారు కామాను పిలిచి చెప్పాడు.

"ఎలా చేస్తావో నాకు తెలియదు. ఎనిమిదింటికల్లా అందరికీ చేరాలి. మెషీన్లు కొత్తవి కావాలా?"

"వద్దు సార్, చూస్తాను."

జబ్బు ఎక్కడుందో ఆమెకు ముందే తెలుసు. ఒక్కొక్క మెసేజ్ కోసం ప్రోగ్రాం ఒక్కొక్క పేషెంటును ఆబ్జెక్ట్‌గా నిలబెడుతోంది. ఆ పేషెంటుతోపాటు అతని డాక్టరు, వార్డు, పాత పరీక్షలు, మందులు అన్నీ పైకి వస్తున్నాయి. ఒక్క ఫోన్ నంబరు చెప్పడానికి మనిషి పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెడుతున్నట్టు. ఈ పనికి కావలసింది పేరు, నంబరు, వేళ, వార్డు. అంతే. ఆబ్జెక్ట్‌లు తీసేసి, డేటాబేస్‌ని ఆ నాలుగు గళ్ళే అడిగి, వచ్చిన వరసలను వచ్చినట్టు వాడుకుంటే చాలు.

రాసింది. జాగ్రత్తగానే పరీక్షించింది. పాత జాబితా, కొత్త జాబితా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క పేరు తేడా లేదు. పరీక్ష కోసం పేషెంట్లను ఇబ్బంది పెట్టకూడదని, నంబర్లన్నింటి స్థానంలో తన నంబరే పెట్టి పంపి చూసింది. ఫోన్ ఆగకుండా కుయ్యి కుయ్యిమంటూ బల్ల మీద గిరగిరా తిరిగింది. సెక్షన్ అంతా వచ్చి చుట్టూ చేరారు. మధ్యాహ్నం దాకా పట్టే పని, లేచి వెళ్ళి కిటికీ తలుపు వేసి వచ్చేసరికి అయిపోయింది.

మర్నాడు అసలు నంబర్లతో నడిపింది. ఎనిమిది కాకముందే అందరికీ చేరిపోయాయి. పెద్దసారు ఫోన్ చేసి "శభాష్" అన్నాడు. అది మాస్టారికి చెప్పుకుంటే ఎంత బాగుండేదో అనుకుంది. ముందు కోప్పడేవారు, తర్వాత కాగితం లాక్కుని చదివేవారు.

ఆ రోజే విచారణ కౌంటరుకి కొన్ని ఫోన్లు వచ్చాయట. కౌంటర్‌లో వాళ్ళు "ఏదో పొరపాటై ఉంటుందండీ" అని పెట్టేశారు. ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి రోజు పొద్దున్న కూడా మెసేజ్‌లు వెళ్ళిపోయాక, డయాలసిస్ హాలు నుంచి సిస్టరు ఫోన్ చేసింది.

"కామా, ఒకసారి కిందికి వస్తావా? మీ వదినగారు ఇక్కడ కూర్చుని ఉన్నారు."

"మా వదినా? ఆవిడకేమైంది?"

"ఏమీ కాలేదు. నువ్వు రా."

వరండా చివర పాత బెంచీ మీదే కూర్చుని ఉంది వదిన. బాగా చిక్కిపోయింది. జుట్టు తెల్లబడింది. ఒళ్ళో ఆ గుడ్డ సంచే, కానీ ఖాళీగా మడత పెట్టి ఉంది. చేతిలో మాస్టారి పాత ఫోన్. కామాను చూడగానే నవ్వింది.

"నువ్వు ఇంకా ఇక్కడే ఉన్నావన్నమాట. సెలవు పెట్టి ఏ ఊరో వెళ్ళావనుకున్నాను."

కామా తలెత్తలేకపోయింది. "ఏమైంది వదినా?" అంది.

వదిన ఫోన్ చూపించింది. మాస్టారి పేరు, కింద వేళ, డయాలసిస్ హాలు, తప్పక రాగలరు.

"నిన్న పొద్దున్న వచ్చింది. ఆయన ఫోన్ రోజూ చార్జింగ్ పెడుతూనే ఉంటాను. ఎందుకని అడక్కు. ఏడాదిగా నోరు విప్పని ఫోన్ మోగేసరికి చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తాను. చూస్తే ఇది." ఫోన్ సంచిలో పెట్టుకుంది. "అంటే ఆయన కుర్చీ ఇంకా ఆయన పేరునే అట్టే పెట్టారేమో అనిపించింది. ఎంతమంది కాచుకునేవాళ్ళు, నాకు తెలీదూ? ఇన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా పెట్టారంటే ఎంత పాపం. చెప్పిపోదామని వచ్చాను. ఆయన రారు, ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి అని. కౌంటర్‌లో అమ్మాయి, పేషెంటు సంతకం కావాలి, పేషెంటును తీసుకురండి అంది. అందుకని ఇక్కడికొచ్చి కూర్చున్నాను."

పక్కనే నిలబడ్డ సిస్టరు మొహం తిప్పుకుంది. ఆ కుర్చీ మాస్టారు పోయిన వారంలోనే వేరేవాళ్ళకు ఇచ్చేశారు. తెరచిన తలుపులోంచి కిటికీ పక్కన కళ్ళు మూసుకుని పడుకున్న కుర్రవాడొకడు కనిపిస్తూనే ఉన్నాడు. వదిన అటే చూసింది.

"ఇచ్చేశారే" అంది. "మంచిది."

కామా వదినను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, టీ చెప్పి, "ఇప్పుడే వస్తాను" అని మెట్లెక్కి పరుగెత్తింది. ముందు మర్నాటి మెసేజ్‌లు ఆపింది. తర్వాత తను తీసి పక్కన పడేసిన పాత ప్రోగ్రాం తెరిచింది.

అక్కడ పేషెంటు ఆబ్జెక్ట్ ఉంది. దాన్ని ఫోన్ నంబరు అడిగితే జవాబు చెప్పే చోట రెండు లైన్లు ఉన్నాయి. ఈ మనిషి చనిపోయిన తారీఖు నమోదై ఉంటే నంబరు చెప్పకు, ఖాళీ ఇవ్వు. అంతే. నంబరు ఖాళీగా ఉంటే మెసేజ్ పంపే ప్రోగ్రాం మారు మాట్లాడకుండా దాటేస్తుంది. డయాలసిస్ లాంటి అపాయింట్‌మెంట్లు ఎవరో ఒకరు ఆపేదాకా వారం వారం తమంతట తామే పుట్టుకొస్తాయి. పోయినవాళ్ళవి ఎవరూ ఆపరు. అయినా ఇన్నేళ్ళుగా ఒక్క మెసేజ్ కూడా అలా వెళ్ళలేదంటే ఈ రెండు లైన్లు కాపలా కాయబట్టే. జాబితాలో వాళ్ళ పేర్లు పాతదాంట్లోనూ ఉన్నాయి, కొత్తదాంట్లోనూ ఉన్నాయి. అందుకే తేడా కనబడలేదు. తన పరీక్షలో నంబర్లన్నీ తనవే. అందుకే అక్కడా తెలియలేదు. ఆమె ఆబ్జెక్ట్‌ను పక్కకు నెట్టి గళ్ళలోంచి నేరుగా నంబర్లు తీసింది. గళ్ళకు ఎవరు పోయారో ఎవరున్నారో పట్టదు. అడిగిన నంబరు ఇచ్చేశాయి.

కింద క్యాంటీన్‌లో వదిన టీ ముట్టుకోలేదు. కామా ఎదురుగా కూర్చుని, దాచకుండా జరిగిందంతా చెప్పింది. ప్రోగ్రాం సంగతులు వదినకు అర్థమవుతాయో లేదో అనుకుంది గానీ, ఆవిడ మధ్యలో ఆపి ఒక్కటే అడిగింది.

"అయితే పోయినవాళ్ళకు వెళ్ళకుండా ఆయన రాసి పెట్టారా?"

"అవును వదినా. ఎవరు ఏ ప్రోగ్రాం రాసినా తప్పు జరక్కుండా, అన్నింటికంటే అడుగున పెట్టారు. నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ చూసుకోలేదు."

వదిన గ్లాసు అంచు మీద వేలు తిప్పింది.

"మాకు ఒక పాప ఉండేది" అంది.

కామా ఆయన పక్క కుర్చీలో ఇన్నేళ్ళు కూర్చుంది.

"నడక వచ్చిన కొత్త. జ్వరమొచ్చింది, రెండు రోజుల్లో పోయింది. నువ్వు అప్పటికి బళ్ళో చదువుకుంటూ ఉంటావు. అప్పుడున్న ఇంటి దగ్గర ఆరోగ్యకేంద్రం నుంచి టీకాలకు కార్డులొచ్చేవి. పాప పోయాక కూడా వచ్చాయి. ఆయన వెళ్ళి చెప్పి వచ్చేవారు. రాసుకున్నామండీ అనేవాళ్ళు. మళ్ళీ కొన్నాళ్ళకు ఇంకో కార్డు. ఈసారి ఇంకో టీకా, పెద్ద పిల్లలకు వేసేది. నేను చింపేసేదాన్ని. ఆయన ఏమీ అనేవారు కాదు." వదిన గ్లాసు పక్కకు జరిపింది. "చివరికి, మీ పాపకు బడి ఈడు వచ్చింది, కంటి పరీక్ష చేయించి బడిలో చేర్పించండి అని వచ్చింది. ఆ రోజు కార్డు పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. 'చూశావా, వాళ్ళ దగ్గర మన పాప పెరుగుతోంది' అన్నారు."

క్యాంటీన్ కుర్రాడు వచ్చి చల్లారిన టీ తీసుకెళ్ళి, అడక్కుండానే వేడిది పెట్టి వెళ్ళాడు.

"క్షమించు వదినా" అంది కామా. ఏడాదిగా రానందుకో, మెసేజ్‌కో, దేనికి అంటోందో తనకే తెలియలేదు.

"నువ్వేం కావాలని చేశావా? కావాలని చేసేవాళ్ళు ఇలాంటివి చెయ్యరు" అని వదిన లేచింది. "కానీ మిగిలినవాళ్ళ సంగతి చూడు. నాకైతే నువ్వు ఉన్నావు, చెప్పావు. వాళ్ళకెవరు చెప్తారు?"

మిగిలినవాళ్ళు చాలామందే ఉన్నారు. పెద్దసారు విని తల పట్టుకున్నాడు. మంచివాడే, కానీ తొందర మనిషి.

"పొరపాటు జరిగింది, చింతిస్తున్నాం అని అందరికీ ఒక మెసేజ్ కొట్టేద్దాం."

"మళ్ళీ ఆ నంబర్లకే మెసేజా సార్?"

"మరేం చేద్దామంటావు?"

"నేను ఫోన్ చేస్తాను."

"అందరికా?"

"అందరికీ."

ఆ వారమంతా ఆమె చేసిన పని అదే. సెక్షన్‌లో స్టోరు గదిలో ఒక కుర్చీ వేసుకుని, తలుపు దగ్గరకు వేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. కొందరు తిట్టారు. ఒకాయన, "మా ఆవిడను తీసుకురమ్మంటారు కదా, ఎక్కడికి వెళ్ళి తీసుకురావాలో కూడా చెప్పండి" అని అరిచి, అరుస్తూనే ఏడ్చేశాడు. ఒకమ్మాయి "సరే" అని ఒక్క మాట అని పెట్టేసింది. ఆ "సరే" ఆమెకు అన్నింటికంటే కష్టమనిపించింది. కొంతమంది అసలు మెసేజ్ చూసుకోనే లేదు. ఆమె చెబితేనే తెలిసింది వాళ్ళకు. చెప్పకుండా ఉండాల్సిందా అని అప్పుడు అనిపించింది.

చెవుడున్న పెద్దాయన ఒకాయనకు మాత్రం ఎంత చెప్పినా వినబడలేదు.

"ఆవిడ లేదమ్మా, పోయింది" అంటున్నాడు ఓపికగా, ఆమెకు తెలియదేమో పాపం, తనే చెప్పాలి అన్నట్టు. "పోయిన చలికాలంలో. మీ హాస్పిటల్లోనే. మీకు తెలీదేమో."

"తెలుసండీ! పొరపాటున వచ్చింది! రావక్కర్లేదు!" కామా గొంతు చించుకుంది. తలుపు అవతల సెక్షన్‌లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది.

"తెలుసా?" అన్నాడాయన. "తెలిసీ పిలిచారా?"

ఆమె క్షమించమని మళ్ళీ అరిచింది. ఆయన "సరేలే అమ్మా, సరేలే" అని తనే ఆమెను ఓదార్చాడు.

ఆ సాయంత్రం భర్త వచ్చి గుమ్మంలో నిలబడితే ఎవరూ ఫుల్‌స్టాప్ అనలేదు. ఇంటికెళ్ళేసరికి ఆమెకు గొంతు పూర్తిగా పోయింది. అతను వేడినీళ్ళు కాచి గ్లాసు చేతికిచ్చి, పక్కన కూర్చున్నాడు. "నేను మాట్లాడనా రేపు? నాకు ఎలాగూ మాటలు ఖర్చవ్వవు" అన్నాడు. ఆమె నవ్వబోయింది గానీ ఏడుపొచ్చింది.

ప్రోగ్రాంను వెనక్కి మార్చేద్దామని సెక్షన్‌లో ఒకరిద్దరు అన్నారు. అది కుదరదని ఆమెకు తెలుసు. వెనక్కి మారిస్తే బతికున్నవాళ్ళకు వేళకు అందదు, ఇంకో ముసలావిడ ఇంట్లో ఉండిపోతుంది. అందుకని ఆబ్జెక్ట్‌లు తిరిగి రాలేదు. పోయినవారి వరస అసలు డేటాబేస్ నుంచి బయటికే రాకుండా, దాన్ని వివరాలు అడిగే ప్రశ్నలోనే, అంటే క్వెరీలోనే ఆ నియమం రాసింది. మిగతా ప్రోగ్రాంలన్నీ తిరగేసి ఇంకెక్కడ జేబులో చేతులు పెట్టారో వెతికింది. ప్రతి వార్డుకూ వెళ్ళి, ఆగని అపాయింట్‌మెంట్లను సిస్టర్ల చేత ఆపించింది. మాస్టారిది తన చేత్తో ఆపింది. పై అధికారులు ఒక మెమో ఇచ్చారు, సంతకం పెట్టి తీసుకుంది.

ఆ తర్వాత చుట్టుతిరుగుడు దారి మానేసింది. ఆదివారం మధ్యాహ్నాలు వదిన దగ్గరికి వెళ్ళేది. ఒక్కోసారి భర్త కూడా వచ్చి, కారుతున్న కుళాయి బిగించి, చప్పుడు చేయకుండా వరండాలో కూర్చునేవాడు. వదిన మాస్టారి గురించి మాట్లాడేది. బడిలో ఆయన పిల్లలకు మార్కులు తక్కువ వేయలేక రెండోసారి పరీక్ష పెట్టిన సంగతులు, కోపమొస్తే అన్నం మానేసి కాసేపటికి తనే వంటింట్లోకొచ్చి గిన్నెల మూతలు తీసి చూసుకోవడం. పాప గురించి ఒక్కసారి మాట్లాడింది. పాపకు తలుపు సందుల్లో దాక్కోవడం ఇష్టమట. ఇప్పటికీ తలుపు తెరిచేటప్పుడు మెల్లగా తెరుస్తానంది. ఆ రోజు ఇంటికి వచ్చి కామా కూడా తలుపు మెల్లగా తెరిచింది.

అలా ఎన్నో ఆదివారాలు గడవలేదు. వదినకు మోకాళ్ళు పట్టేశాయి, మేడ మెట్లు ఎక్కలేకపోతోంది. దూరాన ఉన్న చెల్లెలు వచ్చి తీసుకువెళ్తానంది. కామా సామాను సర్దడానికి సాయం చేసింది. వస్తువులు ఎక్కువేమీ లేవు. మాస్టారి ఫోన్ కనెక్షన్ తీసేయించానని వదినే చెప్పింది. "ఇంకెవరికైనా ఇస్తారట ఆ నంబరు. ఇవ్వనీ. ఊరికే ఎందుకు" అంది.

బస్టాండుకి కామా కూడా వెళ్ళింది. కిటికీ పక్కన కూర్చుని వదిన ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ గొంతు ఇంకా బాగుపడలేదే" అంది.

"బాగానే ఉంది వదినా."

"ఏం బాగు. గట్టిగా మాట్లాడకు కొన్నాళ్ళు. నీ పని నీకుంటుంది, వారం వారం ఫోన్ చెయ్యాలని పెట్టుకోకు. వీలైనప్పుడు చెయ్యి."

బస్సు కదిలింది. వదిన వెనక్కి తిరిగి చూడలేదు, మెడ తిప్పితే నొప్పి అని ముందే చెప్పింది.

కామా వారం వారం చేసింది. వదిన చెల్లెలి ఇంటి సంగతులు, మోకాళ్ళ సంగతులు చెప్పేది. మాస్టారి మాట మెల్లమెల్లగా తగ్గిపోయింది. ఒక వానాకాలపు ఆదివారం ఫోన్ చెల్లెలు ఎత్తింది.

"అక్క పొద్దున లేవలేదమ్మా" అంది. "నిద్రలోనే."

కామా, భర్త ఆ మధ్యాహ్నమే బస్సెక్కారు. వెళ్ళేసరికి ఇంట్లో తెలియని మనుషులు ఉన్నారు. ఈవిడ ఎవరని ఒకరినొకరు అడిగారు. హాస్పిటల్లో పనిచేస్తుందట అని ఎవరో చెప్పారు. ఆ మాట నిజమే కాబట్టి ఆమె ఏమీ అనలేదు. వదిన మొహం మాత్రం చూసింది. నుదుటి మీద ముడతలు పోయి, ఎవరో చిన్నదానిలా ఉంది.

తిరిగి పనిలోకి వచ్చాక సెలవు చీటీ నింపమన్నారు. ఎవరు పోయారు, ఏమవుతారు అన్న చోట "వదిన" అని రాసింది. సెలవులు చూసే గుమస్తా చదివి తలెత్తాడు.

"మీకు అన్నయ్య ఉన్నారా? ఎప్పుడూ చెప్పలేదే."

ఆమె కలం మూత పెట్టింది.

"ఉండేవారు" అంది.